తెరత్రాడు ఎవరి చేతిలో ఉన్నది?

ఆవరణము అను పదము వేదాంతవిద్యార్థికి చిరపరిచితము. అజ్ఞానమునకు రెండు శక్తులు కలవనియు, అందు ఆవరణశక్తి ఉన్నదానిని కప్పుననియు, విక్షేపశక్తి లేనిదానిని చూపుననియు శాస్త్రము బోధించును. త్రాటిని త్రాడుగా కనబడనీయనిది ఆవరణము. దానియందు పామును కల్పించునది విక్షేపము. ఇంతవరకు గ్రంథమున చదువుకొనుట సులభమే. కాని ఒక గృహస్థునకు ఈ ఆవరణమను మాట గ్రీష్మారంభమున ఒక బట్టలకొట్టులో, కొలత వ్రాసిన కాగితము చేతనుండగా ఎదురయ్యెను. ఇంటి ముందుగది కిటికీకి తెర కట్టవలెనా, వలదా? కట్టినచో ఎట్టిది కట్టవలెను? ఇదియే అతని సమస్య. వినుటకు అల్పముగా తోచు ఈ ప్రశ్న వెనుక ఒక వృద్ధుని ఆత్మగౌరవమును, ఒక ఇల్లాలి మనఃక్లేశమును దాగియుండెను.

ఆ గృహస్థు రాజమహేంద్రవరమున ఒక బ్యాంకులో ఉద్యోగి. దానవాయిపేటలో ఒక భవనపు మూడవ అంతస్తున భార్యతోను, 10 ఏండ్ల కుమారునితోను నివసించుచుండెను. అతని తండ్రి 78 ఏండ్ల వృద్ధుడు. కోనసీమలోని ఒక గ్రామశివాలయమున 40 సంవత్సరములు అర్చకత్వము నిర్వహించి, సాయంవేళల ఆలయమండపమున పంచదశీ పాఠము చెప్పినవాడు. భార్యావియోగానంతరము కూడ గ్రామమును విడువక, తాతల నాటి మండువా లోగిలిలో ఏకాకిగా కాలము గడపుచుండెను. ఆ ఇంటికి తెరలు లేవు. నడిమింటికి ఆకాశమే దిగివచ్చెడిది. వర్షము కురిసినను, వెన్నెల కాసినను మండువాలోనే. వేసవిలో మాత్రము పడమటి వసారాకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లెడివారు. అవి ఎండను ఆపి, గాలిని చల్లబరచి లోనికి పంపెడివి.

మాఘమాసమున ఒకనాటి వేకువజామున ఆ వృద్ధునకు పక్షవాతము వచ్చెను. ఎడమ ప్రక్క చచ్చుబడెను. మాట తడబడెను గాని బుద్ధి చెదరలేదు. 18 దినములు ఆసుపత్రిలో ఐసీయూనందు ఉంచిరి. అచ్చట మంచము చుట్టును తెరలు; పైన ఎన్నడు ఆరని దీపములు. పగలెప్పుడో, రాత్రి యెప్పుడో తెలియరాదు. ఉపనయనమైన నాటి నుండి సంధ్య తప్పనివాడు ఆ 18 దినములలో తనకెన్ని సంధ్యలు తప్పెనో లెక్కింపలేకపోయెను. కుమారుడు తన ఇంటికి తీసికొని వచ్చి ముందుగదిలో మంచముపై పరుండబెట్టగానే ఆయన పలికిన మొదటి మాట, "కిటికీ తెరవండి... సూర్యుణ్ణి చూడనివ్వండి."

ముందుగదిలోనే మంచము వేయుటకు కారణము కలదు. పడకగదులు ఇరుకు, మంచమునకు ఇరువైపుల నిలిచి రోగిని కదలించుటకు చోటు చాలదు. పైగా తూర్పు కిటికీ ముందుగదికే ఉన్నది. 6 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు. ఎదుటి రెండు భవనముల నడుమ సందులో నుండి ప్రొద్దెక్కిన పిదప సూర్యకాంతి నేరుగా మంచముపై పడును. ఆ వెలుతురు ముఖమునకు తగులగానే వృద్ధుడు కుడిచేతిని ఛాతీపై నుంచుకొని మానసికముగా సంధ్య ఉపాసించును. అర్ఘ్యమునకు లేచి నిలువలేని దేహమునకు ఆ కిటికీయే నదీతీరము.

కాని ఆ కిటికీ నుండి సూర్యుడు మాత్రమే లోనికి చూచుట లేదు. ఎదుటి భవనపు వసారాలు 20 అడుగుల దూరమున ఉన్నవి. ఉదయము 8 గంటల వేళ అచ్చట ఒకరు బట్టలు ఆరవేయుచుందురు, ఒకరు కాఫీ త్రాగుచు నిలుచుందురు. సరిగ్గా ఆ వేళకే ఇచ్చట కోడలు గోరువెచ్చని నీటిలో తువ్వాలు తడిపి మామగారి దేహము తుడిచి, బట్టలు మార్చవలెను. భర్త ఆ వేళకు బ్యాంకునకు బయలుదేరవలసినవాడు. ఒక ప్రక్క పట్టి ఒత్తిగిలజేసి వెళ్ళిపోవును. మిగిలినదంతయు ఆమె పని. వృద్ధుడు ఆ సమయమున కన్నులు గట్టిగా మూసికొనెడివాడు. నొప్పి వలననేమో అని మొదట అనుకొనిరి.

ఒక రాత్రి ఆమె భర్తతో అనెను: "ఏమండీ, ఆ కిటికీకి పరదా వేయించండి. మామయ్యగారు ఎందుకు కళ్ళు మూసుకుంటున్నారో నాకు తెలుసు. ఎదురుగా మనుషులుంటారు. నాకే తలెత్త బుద్ధి కావడంలేదు, ఆయనకెలా ఉంటుంది?"

మరునాడు కుమారుడు తండ్రిని అడిగెను. వృద్ధుడు తల అడ్డముగా ఊపెను. తడబడు మాటతోనే, "తెర తియ్యమని దేవుణ్ణి అడిగినవాళ్ళే గాని, వెయ్యమన్నవాళ్ళు ఎవరురా?" అనెను. తిరుమలలో స్వామికి అడ్డముగా నున్న తెరను చూచి త్యాగరాజస్వామి గౌళిపంతు రాగమున పాడిన కీర్తనను, అందు అంతరంగమునందలి మాత్సర్యమే అసలైన తెర యని ఆయన విన్నవించుకొన్న సంగతిని తండ్రి ఎన్నోమారులు చెప్పగా కుమారుడు వినియుండెను. బదులు పలుకలేకపోయెను. అయినను ఆ వాక్యము వెనుక సిద్ధాంతము కంటె భయమే ఎక్కువగా నున్నదని అతనికి తోచెను. ఆసుపత్రి తెరలే ఆ కన్నులలో కదలుచుండెను.

ధర్మసంకటమనగా రెండు ధర్మములు ఎదురెదురుగా నిలుచుట. ఒక వైపు తండ్రి కోరిక. మరియొక వైపు తండ్రి మర్యాద, భార్య క్లేశము. ఇట్టి సమయమున మనుష్యుడు తరచుగా చేయు పని ఆలోచన మాని ఒక వైపునకు ఒరుగుట. అతడును అదే చేసెను. అంగడివాడు చూపినవానిలో మిక్కిలి దట్టమైనది, కాఫీరంగు బ్లాక్ అవుట్ కర్టెన్ కొని, ఒక ఆదివారము తెల్లవారకముందే, తండ్రి నిదురించుచుండగా, కిటికీకి కట్టెను. లేచిన పిమ్మట నచ్చజెప్పవచ్చునని అతని ఊహ.

తొమ్మిది గంటలకు వృద్ధుడు మేల్కొనెను. గది చీకటిగా నుండెను. కొంతసేపు పైకప్పు వైపు చూచి, "పొద్దు కుంకిందా? నేను సంధ్య వార్చానా?" అని అడిగెను. ఎవరును బదులు పలుకకపోవుటతో, "మళ్ళీ అక్కడికే తీసుకొచ్చారా?" అనెను.

కుమారుడు పరుగున వెళ్ళి తెర లాగివేసెను. వెలుతురు వచ్చెను; ఇల్లు కనబడెను; మనుమడు కనబడెను. కాని ఆ దినము వృద్ధుడు జావ తప్ప మరేమియు తీసికొనలేదు. సాయంకాలమునకు తెర విప్పి మడచి బీరువాలో పెట్టిరి. మరునాడు 8 గంటలకు కోడలు తువ్వాలు తడిపెను. వృద్ధుడు కన్నులు మూసికొనెను. ఎదుటి వసారాలో ఎవరో కాఫీ త్రాగుచుండిరి. సమస్య ఎచ్చటనున్నదో అచ్చటనే యుండెను.

అప్పుడు ఆ ఇల్లాలు భర్త మధ్యవర్తిత్వమును విడిచి, తానే మాటలాడ నిశ్చయించుకొనెను. మంచము ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, "మామయ్యగారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను, తప్పైతే మన్నించండి. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మహాశివరాత్రికి మన ఊళ్ళో గుడికి వచ్చాను. అభిషేకం అందరం చూశాం. ఆ తర్వాత మీరు తెర వేశారు. అలంకారం అయ్యేదాకా, నైవేద్యం అయ్యేదాకా తియ్యలేదు. శివుణ్ణి మా దగ్గర దాచిపెట్టడానికా ఆ తెర?" అనెను.

వృద్ధుడు ఆమె వైపు చూచెను. "కాదమ్మా. మర్యాద."

"మీకు నేను చేస్తున్నదీ అదే కదా మామయ్యగారూ. స్వామికి మీరిచ్చిన మర్యాద మీకు నన్ను ఇవ్వనివ్వండి. ఆ ఒక్క అరగంట. తర్వాత సూర్యుడు మీవాడే."

ఆయన ఏమియు పలుకలేదు. కుడిచేతితో కన్నులు తుడుచుకొనెను.

ఇచ్చట సాధకుడు ఒక విషయము గమనింపదగును. కప్పునదంతయు అవిద్య కాదు. దేవాలయమున తెర స్వామిని తగ్గించుట లేదు, దర్శనమునకు సిద్ధపరచుచున్నది. వివాహవేదికపై వధూవరుల నడుమ పట్టు తెరసెల వారిని వేరుచేయుటకు కాదు. జీలకఱ్ఱ బెల్లము శిరస్సున నుంచు శుభముహూర్తమున తొలిచూపు కలియుటకు. చిదంబరమున నటరాజసన్నిధి ప్రక్కన తెర తొలగించినచో కనబడునది మూర్తి కాదు. బంగారు బిల్వమాలలు వ్రేలాడు శూన్యాకాశము. అచ్చట తెర లేకున్నచో ఆ ఆకాశమును ఎవరును కన్నెత్తి చూడరు. మర్యాదార్థమైన తెర వేరు; భ్రాంతిమూలమైన ఆవరణము వేరు. రెండును వస్త్రములవలెనే కనబడును. వానిని వేరుపరచు లక్షణమేది?

ఆ లక్షణమును మరునాడు వృద్ధుడే చెప్పెను. ఉదయసంధ్య ముగిసిన పిమ్మట కుమారుని పిలిచి, ఒక్కొక్క మాటను కూడదీసికొనుచు, ఈశావాస్యోపనిషత్తు చివరనున్న సూర్యప్రార్థనను జ్ఞాపకము చేసెను. సత్యము యొక్క ముఖము బంగారు పాత్రతో కప్పబడి యున్నదనియు, దానిని తొలగింపుమనియు ఋషి పూషుని వేడుకొనుట అందరు ఎరిగినదే. కాని వెనువెంటనే ఆ ఋషియే నీ కిరణములను ఉపసంహరింపుమనియు ప్రార్థించును. అప్పుడే కల్యాణతమమైన రూపమును చూడగలననును. "తియ్యమన్నాడు. తగ్గించమనీ అన్నాడు. రెండూ అడిగాడురా ఆయన. నాకు మొదటిదే గుర్తుంది ఇన్నాళ్ళూ" అని వృద్ధుడు నవ్వెను. చీకటి మాత్రమే కాదు, మితిమీరిన తేజస్సు కూడ ఒక తెరయే యని ఆ మంత్రము సూచించుచున్నది.

పిమ్మట ఆయన ఒక నియమము పెట్టెను. "వెయ్యండి. తాడు మాత్రం నా చేతికి అందాలి."

కుమారుడు ఈ మారు తొందరపడలేదు. కొలతలు తీసికొనెను, ఇద్దరు ముగ్గురిని అడిగి పద్ధతులు తెలిసికొనెను. తెరకఱ్ఱ కిటికీ వెడల్పునకు సరిగా ఉన్నచో, తెర తీసినను దాని మడతలు అద్దముపైననే నిలిచి వెలుతురును కొంత మ్రింగును. కనుక కఱ్ఱను ఇరువైపుల చెరి 8 అంగుళములు పొడిగించి, చట్రమునకు 5 అంగుళములు పైన బిగించవలెను. అప్పుడు తెర పూర్తిగా గోడపైకి తప్పుకొనును. గుడ్డ కిటికీకి రెండింతలు వెడల్పు ఉండవలెను; లేనిచో మడతలు పడక పలకవలె నిలిచి, ప్రక్కలనుండి సందులు కనబడును. ఒకే తెర చాలదు. పగటికి పలుచనిది, రాత్రికి దట్టమైనది, రెండు వరుసలుగా ఉండవలెను. ఈ రెండింటిని వేర్వేరు త్రాళ్ళతో కదలించుటకు పట్టాలు, చిన్న చక్రములు గల అమరిక దొరకును. ఆ త్రాళ్ళను మంచము కుడివైపున చేయి చాచిన అందునంత ఎత్తున రప్పించి, ఇంట పిల్లవాడున్నందున అవి ఉచ్చువలె వ్రేలాడకుండ గోడకు కొక్కెములతో బిగించిరి.

గుడ్డ ఎంపిక వచ్చినప్పుడు కోడలు కొన్ని నమూనాలు తెచ్చి మంచముపై పరచెను. పూవులు, లతలు, నెమళ్ళు అచ్చువేసినవి. చివరన ఒకటి తెల్లని చేనేత నూలు. వృద్ధుడు ఆ తెల్లదానిపై చేయి వేసి, పంచదశిలోని చిత్రదీప ప్రకరణమును స్మరించెను. 14వ శతాబ్దమునకు చెందిన విద్యారణ్యస్వామి అందు చిత్రపటమునకు నాలుగు అవస్థలు చెప్పుదురు. ఉదికిన గుడ్డ ధౌతము, గంజిపెట్టినది ఘట్టితము, రేఖలు గీచినది లాంఛితము, రంగులు నింపినది రంజితము. పరమాత్మయందును చిత్తు, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు అని నాలుగు అవస్థలు అట్లే చెప్పబడినవి. చిత్రమున పర్వతములు, మనుష్యులు, వారు కట్టుకొన్న బట్టలు సైతము కనబడును గాని, ఆధారమైన గుడ్డ మాత్రము ఒక్కటే. ఈ మాటలన్నియు చెప్పుటకు వృద్ధునకు చాలసేపు పట్టెను. కోడలు ఓపికగా వినెను. చివర ఆయన, "బొమ్మలు చాలా చూశానమ్మా. ఇక ఉతికిన గుడ్డ చాలు" అనెను. ఆమె మిగిలినవానిని మడచి ప్రక్కన పెట్టెను.

చైత్రమాసాంతమునకు తెరలు అమరెను. తెల్లని పలుచని తెర వేసి యుంచగా ఒక విశేషము గోచరించెను. పగటివేళ వెలుపల వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ. లోనున్న వృద్ధునకు ఎదుటి భవనము, ఆకాశము, ఎగురు పావురములు మసకగానైనను కనబడుచుండెను. ఎదుటి వసారాలోని వారికి మాత్రము తెల్లదనము తప్ప మరేమియు కనబడదు. మనుమడు క్రిందికి దిగి వీథిలో నుండి, ఎదుటి మేడ మెట్లపై నుండి చూచి వచ్చి, "తాతయ్యా, నువ్వు అస్సలు కనబడటం లేదు!" అని చెప్పెను. "నాకు నువ్వు కనబడ్డావురా" అనెను తాత. తాను చూచుచు, ఒకరికి చూడబడక యుండునది సాక్షి. బృహదారణ్యకము అంతర్యామిని కనబడని ద్రష్టగా వర్ణించుచున్నది. ఆ మంచముపై నుండి ఆ ఉపదేశము ఒక పసివాని కేకలో వినబడెను.

కాని ఆ రాత్రి దీపము వెలిగింపగానే స్థితి తలక్రిందులయ్యెను. లోపల వెలుతురు, వెలుపల చీకటి. అదే తెర, అదే గుడ్డ. ఇప్పుడు లోనివారికి వెలుపల ఏమియు కనబడదు, వెలుపలివారికి లోనిదంతయు కనబడును. పాలు తెచ్చుటకు వీథికి వెళ్ళిన కోడలు పైకి చూచి గ్రహించి, వచ్చి దట్టమైన తెరను కూడ లాగుమని మామగారిని కోరెను. తన చిన్న దీపమును వెలిగించుకొని దానిలో తన్ను తాను ప్రదర్శించుకొను అహంకారము ఇట్టిదే. వెలుపలి విశాలము దానికి కనబడదు, తాను మాత్రము లోకమునకు దృశ్యమై నిలుచును. తెరయందు దోషము లేదు. వెలుతురు ఏ వైపున నున్నదను దానిపై అంతయు ఆధారపడియుండును.

ఇక త్రాటి సంగతి. పంచదశి ప్రథమ ప్రకరణమున విద్యారణ్యులు ఈశ్వరునకును జీవునకును భేదము చెప్పుచు, మాయను తన వశమున నుంచుకొన్నవాడు ఈశ్వరుడనియు, అవిద్యకు వశుడైనవాడు జీవుడనియు నిరూపించిరి. ఇరువురి యెదుటను తెర యున్నది. భేదము తెరలో లేదు. త్రాడు ఎవరి చేతనున్నదను దానిలో ఉన్నది. ఆసుపత్రిలోని తెరలు ఎంత మేలుకొరకు కట్టినవైనను, వానిని లాగుట, తీయుట పరాధీనము. నిదురించువానికి తెలియకుండ ఆదివారమునాడు కట్టిన తెరయు అట్టిదే. అది ప్రేమతో కట్టినదైనను, కట్టబడినవానికి బంధమే యయ్యెను. కుమారుడు చాలకాలము ఆ ఉదయమును మరువలేదు. తండ్రి మేలు తనకు తెలియునను నమ్మకమే తన కన్నులకు తెరయై నిలిచెనని అతడు పిమ్మట భార్యతో ఒప్పుకొనెను.

ఇప్పుడు 8 గంటలకు కోడలు నీళ్ళగిన్నె తెచ్చి మంచము ప్రక్కన పెట్టును. ఆమె ఏమియు అనకముందే చక్రములు మెల్లగా కదలిన సవ్వడి వినబడును. దట్టమైన తెర అడ్డముగా వచ్చి నిలుచును. తుడుచుట ముగిసి, శుభ్రవస్త్రము కట్టి, నుదుట విభూతి దిద్దగానే ఆయన మరల త్రాడు పట్టును. తెర తొలగును. వెలుతురు పాదముల నుండి ముఖము వరకు ప్రాకివచ్చును. ఆలయమున నైవేద్యానంతరము తెర తీసినప్పటివలె కోడలు అప్రయత్నముగా చేతులు జోడించును. ఆమె సూర్యునకు జోడించెనో, మామగారికి జోడించెనో ఎవరును అడుగలేదు. ఆ స్నానసమయమున ఆయన కన్నులు ఇప్పుడు తెరచియే యుండును.

అన్ని దినములు ఒకే రీతిగా నుండవు. కొన్ని ఉదయములు కుడిచేయి సైతము బరువెక్కును. త్రాడు అందినను లాగుటకు బలము చాలదు. అట్టి దినములలో కోడలు త్రాడు తన చేతికి తీసికొని, వెంటనే లాగక, "మామయ్యగారూ, వేయనా?" అని అడుగును. ఆయన తల ఊపును. అప్పుడే తెర కదలును. తల ఊపువరకు ఆమె వేచియుండుట వలన త్రాడు ఆయన చేతిలోనే యున్నట్లు.